తోక తెగిన కారు

ఆ పొద్దున మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదికి కారు తుడవాలి. పదింటికి పెద్దావిడ వచ్చి చూసి సంతకం పెడుతుంది. ఆ తర్వాత ఇంటికెళ్లి, కడుపునిండా తిని, సాయంత్రం దాకా పడుకోవాలి.

పెద్దావిడ అంటే యాభై ఏళ్ల క్రితం ఆ కంపెనీలో ఒక నమూనా కారు రూపొందించిన మనిషి. ఆ కారు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. మిగిలింది ఒక్క ఫోటో. కంపెనీ పాత ఘనత లోకానికి చాటాలని ఇప్పుడు దాన్ని మళ్లీ తయారు చేయమన్నారు. ఫోటోలో కారు పక్కన ఒక కుర్చీ ఉంది. మేస్త్రి ఆఫీసు కుర్చీ ఎత్తు కొలిచి, ఆ లెక్కన కారు పొడవు తేల్చి, రెండేళ్లు రేకు కొట్టాడు. "అచ్చం అదే" అని ఆవిడ రాసిస్తే రేకుల విభాగం ఉంటుంది, లేకపోతే నెలాఖరుకి మూత. విభాగంలో ఉన్నది ఆరుగురు. అందులో ఒకడు మేస్త్రి బావమరిది కాబట్టి, మూతపడితే ఇంట్లో కూడా సంజాయిషీ చెప్పుకోవాలి.

ఎనిమిదీ పదికి మేనేజరు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"కొంప మునిగింది మేస్త్రీ. నిన్న రాత్రి ఆవిడకి కారు ఫోటో పంపాను కదా, ఇప్పుడే జవాబొచ్చింది."

ఫోనులో ఒకటే వాక్యం ఉంది: 'నేను చేసిన కారు ఇంత పెద్దది కాదండీ.'

మేస్త్రి ఫోను అందుకుని మళ్లీ చదివాడు. "ఎంత పెద్దదయిందట?"

"అది చెప్పలేదు. ఫోను ఎత్తడం లేదు, బయల్దేరిపోయినట్టుంది."

"మరిప్పుడెలా సార్?"

"చిన్నది చెయ్యండి."

ముందు టైర్లలో గాలి తీశారు. కారు రెండు వేళ్లు దిగింది. మేనేజరు గోడ దాకా వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి చూసి, తల అడ్డంగా ఊపాడు. బంపర్లు విప్పేశారు. దాంతో తోక ఇంకా పొడుగ్గా కనపడసాగింది. బావమరిది కట్టర్ అందుకున్నాడు.

"బావా, తోక ఓ నాలుగంగుళాలు లేపేద్దాం."

"ఆ వంపు కోసం నాలుగు నెలలు కొట్టాన్రా."

"ఆరుగురి అన్నం బావా."

మేస్త్రి మొహం అటు తిప్పుకున్నాడు. తోక తెగింది. తెగాక డిక్కీ మూత పట్టలేదు, మూత కోశారు. వెనక పొట్టిదయ్యేసరికి ముందు భాగం పొడుగైపోయింది, ముక్కు కోశారు. ముక్కు పోయాక హెడ్‌లైట్లకు చోటు లేక తీగతో కట్టారు. గడియారం పదికి అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

పెద్దావిడ గుడ్డసంచితో వచ్చింది. ఆరుగురూ కారుకు అడ్డం నిలబడ్డారు. ఆవిడ వాళ్లను పక్కకు జరిపి, కారు చుట్టూ తిరిగి, తెగిన అంచు మీద వేలు పెట్టింది.

"దీనికేమైంది నాయనా?"

"పెద్దదన్నారు కదమ్మా, కాస్త తగ్గించాం."

"ఇంకా పెద్దదే."

ఆవిడ సంచిలోంచి తువ్వాలు చుట్టిన మూట తీసి బల్ల మీద విప్పింది. అందులో మూరెడు పొడవు కారు, అరచేతిలో ఇమిడే కుర్చీ ఉన్నాయి.

"ఈ కుర్చీ మా అమ్మాయి బొమ్మలది. అందంగా ఉంటుందని ఫోటోలో పెట్టాను. అప్పట్లో కంపెనీ వాళ్లు దీన్ని పెద్ద కారుగా చెయ్యనివ్వలేదు. ఉద్యోగం మానేసిన రోజు దీన్ని సంచిలో వేసుకుని వెళ్లిపోయాను."

ఆ కారు కోసం గోదాములన్నీ తిరగేయించిన మేనేజరు మెల్లగా స్టూలు మీద కూలబడ్డాడు.

"పెద్దదైతే ఎలా ఉంటుందోనని ఇన్నేళ్లూ ఊహించుకుంటూనే ఉన్నాను," అంది ఆవిడ. "నీ కారు ఫోటో చూసి ఏడ్చాను నాయనా. ఆ తోక ఎంత బాగా వచ్చిందో."

మేస్త్రికి కూడా ఏడుపొచ్చింది, కానీ కారణం వేరు. ఆవిడ కాగితం తీసుకుని, 'అచ్చం నా కారే, తోకా ముక్కూ తిరిగి పెట్టాక' అని రాసి సంతకం చేసింది.

రేకుల విభాగం మూతపడలేదు సరికదా, గంటన్నరలో కోసినదాన్ని అతికించడానికి ఆరుగురికీ ఎనిమిది నెలల పని దొరికింది.