సూక్ష్మరూపంలో ర్యాంపు

మానవజాతి సాధించిన ఘనకార్యాలన్నింటిలోకీ గొప్పది సూక్ష్మీకరణ శాఖ. ఎవరు ఏ చిక్కుతో వచ్చినా దాన్ని తేలిక చేసి పంపడమే దాని పని. (తేలికయ్యేదాకా ఎవరినీ పంపదు, అది వేరే సంగతి.)

ఆ ఆఫీసు గడప తొక్కేదాకా కోడలికి తన కష్టం ఇంత పెద్దదని తెలియదు. తుంటి విరిగిన దగ్గర్నుంచి అత్తగారికి చక్రాల కుర్చీయే గతి. వీధి గుమ్మం ముందు రెండు మెట్లు, కలిపి అడుగెత్తు. అదే వరుసలో అటు చివరింట్లో ఉండే అత్తగారి అక్క, కర్ర పొడుచుకుంటూ రాగలదు గానీ మెట్లెక్కలేదు. అందుకని సాయంత్రాలు అక్క వీధిలో స్టూలు మీద, చెల్లెలు గుమ్మంలో. ఇద్దరికీ చెవుడే కనక వాళ్ల గుట్టుమాటలన్నీ వీధి వీధంతా వినేది. అక్క పక్కన కూచుని చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందో అని ఒకరోజు అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకుంది. కోడలు మర్నాడే వెల్డింగ్ అతన్ని పిలిచి, ఇనప ర్యాంపు పెట్టమంది.

అతను కొలిచాడు. అడుగెత్తుకు నేల మీద పన్నెండడుగులు వదిలితే కుర్చీ పదిలంగా దిగుతుంది. అప్పుడు ర్యాంపు పొడవు వర్గమూలం నూట నలభై ఐదు, అంటే పన్నెండడుగుల మీద పిసరంత. దరఖాస్తులో ఎత్తును పొడవుతో భాగించి కచ్చితమైన విలువ రాయాలి. (దశాంశాలు రాస్తే శాఖ నొచ్చుకుంటుంది.) కోడలు 1/√145 అని రాసింది.

గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. "కింద రూట్ ఉంది కదమ్మా."

"ఉంటే ఏమవుతుంది సార్?"

"ఏమీ కాదు. ఉండకూడదు."

చేత్తో భాగహారాలు చేసే కాలంలో హారంలో రూట్ ఉంటే గుమాస్తాల ప్రాణం తోడేసేదట. ఇప్పుడు ప్రతి బల్ల మీదా కాలిక్యులేటర్ ఉంది. (కాగితాలు ఎగిరిపోకుండా.) నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక పైనా కిందా అదే రూట్‌తో గుణించాలన్నారు. పై రూట్‌కి ఒక కిటికీ, కింది రూట్‌కి ఒక కిటికీ, ఆ రెండూ ఒకటేనని ధ్రువీకరించడానికి ఇంకో కిటికీ. ఇంత చేసినా విలువ మారలేదని ప్రమాణపత్రం కూడా ఇవ్వాలి. నూట నలభై ఐదులో వర్గసంఖ్య ఏదైనా నక్కి ఉందేమోనని తనిఖీ అధికారి స్వయంగా వెతికాడు. ఐదూ, ఇరవై తొమ్మిదీ తప్ప లోపల ఎవరూ దొరకలేదు. చివరికి √145/145 మీద ముద్ర పడింది. ఇది ముందుకన్నా పొడుగైందేమిటని కోడలు అడిగితే, సూక్ష్మరూపం అంటే ఇలాగే ఉంటుందని ఓపిగ్గా చెప్పారు.

అనుమతితో పాటు శాఖ మనుషులూ వీధిలోకి దిగారు. ఆమోదించిన రూపంలోనే కట్టాలి కాబట్టి ఎత్తు వర్గమూలం నూట నలభై ఐదు అడుగులు, పొడవు నూట నలభై ఐదు అడుగులు. వెల్డింగ్ అతను తల పట్టుకున్నాడు. అయినా కట్టించారు. ర్యాంపు పై కొస అత్తగారి డాబా పిట్టగోడకు ఆనింది. మధ్య ఇళ్లవాళ్లు వంగి వెళ్లడం అలవాటు చేసుకున్నారు. కింది కొస అక్క గుమ్మానికి అడ్డంగా, మోకాలెత్తున పోయింది.

"వాలు అదే కదమ్మా," అన్నాడు తనిఖీ అధికారి, టేపు చుట్టుకుంటూ.

ఆ సాయంత్రం అత్తగారు కుర్చీ గుమ్మంలోకి తోయించుకుని చాలాసేపు వీధిలోకి చూసింది. స్టూలు ఖాళీగానే ఉంది.

"అక్క ఇంకా రాలేదేమే?"

కోడలు లోపలికి వెళ్లి శాఖకు ఫిర్యాదు రాసింది. ఇన్నాళ్లూ అత్తగారొక్కరే గడప దాటలేకపోయేవారని, ఇప్పుడు వాళ్లక్కగారూ దాటలేకపోతున్నారని.

జవాబు మాత్రం వెంటనే వచ్చింది. "వీధికి ఇటు చివరా అటు చివరా ఒకే ఇబ్బంది ఉమ్మడిగా ఉన్నందున, నిబంధనల ప్రకారం రెండింటినీ కొట్టివేయడమైనది. విలువలో మార్పు లేదు."