గొళ్ళెం మరిచిన తాళం

కొందరు మగవాళ్ళకు పేకాట పిచ్చి, కొందరికి క్రికెట్టు పిచ్చి, ఈ ఇంటాయనకు తాళాల పిచ్చి. వీధి తలుపుకు తాళం తిప్పి, రెండుసార్లు లాగి చూసి, నాలుగంతస్తులు దిగాక వేశానో లేదోనని మళ్ళీ పైకి వచ్చేవాడు. ఆరు నెలలుగా మొరాయిస్తున్న లిఫ్టు పూర్తిగా ఆగిపోయి నెల దాటడంతో ఆ జబ్బు కాస్త నెమ్మదించింది. చక్కెర డబ్బాకు తాళం లేదన్న మాటేగాని, ఆయన మూత బిగిస్తే తీయడానికి ఇద్దరు కావాలి. ఆఫీసులో ఆయన్ని తాళంకప్ప అంటారు. వాళ్ళు వెక్కిరింపుగా అన్నదాన్ని ఆయన బిరుదుగా పుచ్చుకున్నాడు.

ఆయన కంపెనీ ఆసుపత్రి మంచాలకు చక్రాలు చేస్తుంది. రోగి నిద్ర చెడకుండా, చప్పుడు లేకుండా దొర్లే చక్రం ఒకదాని మీద ఆయన ఆరు నెలలుగా పని చేస్తున్నాడు. మంచాల కంపెనీవాళ్ళు కూడా ఆ ఆరు నెలలూ "చూస్తున్నాం, చెబుతాం" అంటూనే ఉన్నారు. చివరికి ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లోంచే ఆన్‌లైన్ మీటింగు పెట్టి, హాల్లో గచ్చు మీద ఇసుక పోసి, నీళ్ళు పోసి చక్రాన్ని దొర్లించి చూపించాడు. ఇల్లాలు సాయంత్రం దాకా ఇసుక ఊడుస్తూనే ఉంది. మంచాల కంపెనీ చీఫ్ ఇంజనీరూ, ఆవిడ కింది ముగ్గురూ మాత్రం ఆ సమయానికి విమానంలో ఉన్నారు. ఆవిడ ఆ రికార్డింగు చూసి మర్నాడు మధ్యాహ్నం మూడింటిలోగా సరేనంటే ఆర్డరు వీళ్ళది. లేకపోతే వేరే చక్రాలవాళ్ళది, ఈయనది పాత సామాన్ల గోడౌనులో కుర్చీ.

అందుకని మర్నాడు పొద్దుటి ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి చీఫ్ ఇంజనీరుకూ, ఆవిడ కింద ఉన్న ముగ్గురికీ రికార్డింగు లింకు పంపాలి. తొమ్మిదింటికి ఫ్యాక్టరీకి వెళ్ళాలి. అక్కడి పరీక్షల గదిలోకి ఫోనూ లాప్‌టాపూ రానివ్వరు. లింకు వెళ్ళిన దారిలో పాస్‌వర్డు వెళ్ళకూడదన్నది ఆయన సిద్ధాంతం కాబట్టి, పాస్‌వర్డు చెప్పే బాధ్యత ఇల్లాలి మీద పడింది.

"ఫోన్ చేసినవాళ్ళకి ఊరికే చెప్పేయకు. పేషెంటు లేకుండా మంచం బరువెంత అని అడుగు. నూట నలభై కిలోలంటేనే చెప్పు" అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

"మీ పేరు చెప్పినా చెప్పొద్దా?"

"నేనే చేసినా అడుగు."

అదే విసురులో ఆయన ఇంకో పని కూడా ముగించాడు. ఆయన ఆ అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శి. లిఫ్టు బాగుచేసే కంపెనీని మార్చాలని ముందురోజు రాత్రి సంఘం మీటింగు కూడా ఆన్‌లైన్లోనే జరిగింది, చివర్లో ఆ కంపెనీ మనిషిని కూడా పిలిచారు. రానివాళ్ళ కోసం దాని రికార్డింగును నలభై రెండు ఇళ్ళ గ్రూపులో పడేశాడు. లిఫ్టు గొడవలో రహస్యమేముందని దానికి ఏ అడ్డూ పెట్టలేదు. లింకు చేతికందిన ఎవరైనా చూడొచ్చు.

ఇక్కడే ఆయన తెలివి కాస్త ఎక్కువైంది. అసలు పేరు పెడితే దొంగలకు తెలిసిపోతుందని ఆయన ఏ రికార్డింగుకూ పేరు పెట్టడు, అంకె వేస్తాడు. ఒకటి పదిహేడు, ఇంకోటి పద్దెనిమిది. ఏది ఏదో రాసుకున్న చీటీని కూడా భద్రత కోసం చించి పారేశాడు.

తొమ్మిదిన్నర నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒక ఇంజనీరు మంచం బరువు పేషెంటుతో కలిపి చెప్పాడు. నియమం నియమమే గనుక, పేషెంటును దించేసి మళ్ళీ చేయమంది ఇల్లాలు. పదింటికి చీఫ్ ఇంజనీరు చేసింది. తడుముకోకుండా నూట నలభై అంది. పద్నాలుగు అక్షరాల పాస్‌వర్డును ఇల్లాలు రెండుసార్లు చదివి వినిపించింది.

పావుగంట తిరక్కుండా ఆవిడే మళ్ళీ చేసింది. గొంతు చల్లబడి ఉంది.

"చూశామండీ. మీవారికి చెప్పండి. మాకు బాగా అర్థమైంది."

"సంతోషమండీ. ఆయన చాలా కష్టపడ్డారు" అంది ఇల్లాలు.

"అవును, ఎంత కష్టపడ్డారో వినిపించింది" అని ఆవిడ పెట్టేసింది.

పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు మెచ్చుకోవడం కూడా ఇలాగే ముక్తసరిగా ఉంటుంది కాబోలనుకుని, ఇల్లాలు నిశ్చింతగా కాఫీ కలుపుకుంది. రెండు గుక్కలు తాగిందో లేదో గంట మోగింది. గుమ్మంలో గ్రౌండ్ ఫ్లోర్ హెడ్మాస్టరు గారు. ఆయన రిటైరై పదేళ్ళయింది, మోకాళ్ళు అంతకు ముందే రిటైరయ్యాయి. అలాంటి మనిషి నాలుగంతస్తులు ఎక్కివచ్చాడంటే విషయం చిన్నది కాదు. కుర్చీలో కూలబడి, నీళ్ళు తాగి, ఊపిరి కూడదీసుకున్నాడు.

"అమ్మాయ్, మీ ఆయనకి మతి ఉండే చేస్తున్నాడా? లిఫ్టు సంగతి తేల్చవయ్యా అంటే మంచానికి చక్రాలు చూపిస్తాడేమిటి?"

"ఏ మంచం మాస్టారూ?"

"గ్రూపులో పెట్టాడుగా. ఇసుకలో దొర్లించాడు, నీళ్ళల్లో దొర్లించాడు. లిఫ్టు ఇక రాదు, ఎవరికైనా ప్రాణం మీదికొస్తే మంచంతో సహా మెట్ల మీంచి దొర్లిస్తారనా దానర్థం? మూడో అంతస్తావిడ పొద్దుట్నుంచీ ఏడుస్తోంది."

ఇల్లాలు గ్రూపు తెరిచి చూసింది. కంపెనీ గుట్టంతా నలభై రెండు ఇళ్ళలో కాఫీలతో పాటు నడుస్తోందన్నమాట. అయితే మంచాలవాళ్ళు చూసిందేమిటి? రాత్రి సంఘం మీటింగులో మొగుడు గొంతు చించుకుని అన్న మాటలు ఆమెకు వరసగా గుర్తొచ్చాయి. "ఆరు నెలలుగా మనల్ని చుట్టూ తిప్పుకుంటున్నారు. మాట నిలబెట్టుకోని మనుషులు. ఈ కంపెనీ మనకొద్దు, ఇంకోళ్ళని చూసుకుందాం." లిఫ్టు అన్న మాట వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. చీఫ్ ఇంజనీరు గారికి ఏం అర్థమైందో ఇల్లాలికి ఇప్పుడు అర్థమైంది.

హెడ్మాస్టరు గారింకా ముగించలేదు. "చక్రం మాత్రం బాగానే ఉన్నట్టుందమ్మా. ఎందుకైనా మంచిదని మా అల్లుడికి పంపాను. వాడూ చక్రాల కంపెనీలోనేగా, మంచీచెడ్డా చెబుతాడని."

ఆ అల్లుడి కంపెనీ ఏదని అడిగింది. ఆయన చెప్పాడు. మూడు దాటితే ఆర్డరు ఎగరేసుకుపోయేది వాళ్ళే.

ఇల్లాలు ఫ్యాక్టరీ గేటుకు ఫోన్ చేసింది. పరీక్ష నడుస్తోంది, నాలుగింటిదాకా ఎవరినీ పిలవడం కుదరదన్నాడు గేటు మనిషి. ఆమె గడియారం చూసింది. పదకొండున్నర. ఏడుస్తూ కూర్చోడానికి మూడో అంతస్తావిడ ఉండనే ఉంది గనుక, తను ఆయన ఇంట్లో వదిలివెళ్ళిన లాప్‌టాపు తెరిచింది. దాని పాస్‌వర్డు ఆయన కన్నతల్లికి కూడా చెప్పలేదు. కానీ ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టడం ఆయన అలవాటు. ఎనిమిదేళ్ళుగా కూరగాయలు తరుగుతూ వింటున్న పాఠం, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది.

పదిహేడు ఉంది, పద్దెనిమిది ఉంది. మొదట గ్రూపులోకి వెళ్ళిన లింకును మూసేసింది. ఇక దాన్ని ఎవరు నొక్కినా తెరుచుకోదు. తర్వాత హెడ్మాస్టరు గారి చేత అల్లుడికి ఫోన్ చేయించి, పంపింది చూశావా అని అడిగించింది. అల్లుడు కాసేపు నసిగి, ఆఫీసులో పని ఒత్తిడిగా ఉంది మామయ్యగారూ, ఇప్పుడే చూస్తానన్నాడు. మామగారు పంపినదాన్ని వెంటనే తెరిచే అల్లుడు ఇంకా పుట్టలేదు గనుక చక్రం బతికిపోయింది. హెడ్మాస్టరు గారు మాత్రం, ఏడాదిగా తను రోజూ పంపుతున్న సుభాషితాల గతేమిటా అన్నట్టు ఫోను వంక చూస్తుండిపోయాడు.

ఇక అసలు పని. చీఫ్ ఇంజనీరు మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి, చెప్పాల్సింది మీవారు చెప్పేశారుగా అంది.

"ఆ తిట్లు మీక్కాదండీ, మా లిఫ్టు కంపెనీకి" అంది ఇల్లాలు. "మీది మా వాళ్ళకొచ్చింది, మా వాళ్ళది మీకొచ్చింది. మూయాల్సినచోట మూశాను. మీ నలుగురి పేర్ల మీదా మీ రికార్డింగు ఇప్పుడే పంపుతున్నాను. మీరు నలుగురే చూడగలరు, దించుకోడానికి కుదరదు, రేపు సాయంత్రానికి మూసుకుపోతుంది. పాస్‌వర్డు లేదు, మంచం బరువు అడగను."

 సరే, చూస్తానంది ఆవిడ.

పంపేముందు ఇల్లాలు ఆ రికార్డింగును మొదటి రెండు నిమిషాలు నడిపించి చూసింది. హాల్లో ఇసుక కుప్పా, గోడకు ఆనించిన తన చీపురుకట్టా కనిపించాయి. నిశ్చింతగా పంపింది. ఆపైన రెండు రికార్డింగులకూ ఎవరికైనా అర్థమయ్యేలా పేర్లు పెట్టింది. లిఫ్టుది గ్రూపులో పెట్టి, మంచాలు మెట్ల మీద దొర్లవని మూడో అంతస్తావిడకు విడిగా ఫోన్ చేసి చెప్పింది.

మూడు కావడానికి పది నిమిషాలుందనగా చీఫ్ ఇంజనీరు ఫోన్ చేసింది.

"చక్రం బాగుందండీ. కాని వేరేవాళ్ళ చక్రమూ ఇంచుమించు ఇలాగే ఉంది. నిజం చెప్పాలంటే ఇందాకే వాళ్ళకి ఇచ్చేద్దామనుకున్నాను."

ఇల్లాలు ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"మీరు ఫోన్ చేశాక ఆ లిఫ్టు మీటింగు కూడా చివరిదాకా చూశాను. ఒక్క మరమేకు కోసం ఆ కంపెనీవాణ్ణి నలభై నిమిషాలు నిలబెట్టి అడిగారు మీవారు. ఆసుపత్రి మంచానికి అలాంటి మనిషి చేసిన చక్రమే కావాలి. ఆర్డరు మీకే పంపిస్తున్నాను."

ఆరింటికి ఇంటాయన వచ్చాడు. గేటు దగ్గర ఫోను చేతికిచ్చేసరికి అందులో డెబ్బై మూడు మెసేజీలున్నాయట. సగం అభినందనలు, సగం మంచాల గురించి. రాగానే చెప్పులైనా విప్పకుండా, లాప్‌టాపు ఎవరు ముట్టుకున్నారన్నాడు. ఇల్లాలు జరిగింది జరిగినట్టు, ఒక్క విసురు మాట లేకుండా చెప్పింది. అలా చెప్పినప్పుడే ఆయనకు ఎక్కువ భయం.

ఆయన మొదట తప్పు సాఫ్టువేరుదన్నాడు. తర్వాత అడక్కుండా అల్లుడికి పంపిన హెడ్మాస్టరు గారిదన్నాడు. ఆ తర్వాత హడావిడి పెట్టిన ఫ్యాక్టరీదన్నాడు. ఇల్లాలు అన్నిటికీ తలూపుతూ కాఫీ ఇచ్చింది. నిందించడానికి మనుషులు అయిపోయాక, ఆయన కప్పు కింద పెట్టి, గోడ వైపు చూస్తూ అన్నాడు.

"సరేలే, తప్పు నాదే. తాళం వేయాల్సిన చోట బార్లా తెరిచాను, అక్కర్లేని చోట కాపలా పెట్టాను. నువ్వు లేకపోతే మునిగేవాణ్ణి."

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకు ఆ మాట ఆయన నోట వచ్చింది, రికార్డు చేసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.