ఇవాళ్టితో మానేస్తున్నా

పదింటి మీటింగులో మేనేజరును ఎలాగైనా బతిమాలుకోవాలని బిల్లుల బాబాయి పొద్దున్నే తీర్మానించుకున్నాడు. సరుకు రవాణా కంపెనీలో బిల్లులన్నీ చూసేది ఆయనే కనక తోటివాళ్లు పెట్టిన పేరది. మహమ్మారి పుణ్యమా అని ఇంటి నుంచే పని చేయడం మరిగాడు. ఇప్పుడేమో సోమవారం నుంచి అందరూ ఆఫీసుకు రావాల్సిందేనని హుకుం. హోటలు మూతపడి ఉద్యోగం పోగొట్టుకున్న ఆయన భార్యను మళ్లీ రిసెప్షన్‌లోకి రమ్మన్నదీ ఆ సోమవారమే. ఇద్దరూ గడప దాటితే మూడేళ్ల చంటిదాన్ని చూసే దిక్కులేదు. బాబాయికి ఇంటి నుంచే పని చేసే అనుమతి దొరక్కపోతే ఆవిడ ఉద్యోగం గోవిందా.

కాస్త కుర్రాడిలా కనబడితే మాట చెల్లుతుందేమోనని ఆయన జుట్టుకు రంగేసుకున్నాడు. రంగు ఆరకముందే మీటింగు ముంచుకొచ్చింది. కెమెరా ఆపాడు గానీ మైకు సంగతి మరిచిపోయాడు. మేనేజరు గొంతు సవరించుకుంటుండగా వంటింటి వైపు తిరిగి అరిచాడు.

"ఇక నా వల్ల కాదే! ఇవాళ్టితో మానేస్తున్నా. ఎన్నేళ్లు చేసినా మళ్లీ మొదటికే వస్తోంది. తలంతా ఒకటే మంట!"

"మానేయండి. నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటూనే ఉన్నాగా!" అంది ఆవిడ.

మీటింగు ఒక్కసారిగా మూగబోయింది. స్పీకరు పాడైందనుకుని బాబాయి దాని మీద రెండు దెబ్బలు వేశాడు. బల్ల గుద్ది మరీ చెప్పాడనుకున్నారు అందరూ.

ఆ ఏడాది అప్పటికే సగంమంది వేరే కంపెనీలకు ఎగిరిపోయారు. మిగిలినవాళ్లు ఎప్పుడు జారుకుంటారోనని మేనేజరు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు. మీటింగు ఆపేసి బాబాయికి ఫోన్ చేశాడు.

"మీకేం తక్కువ చేశామండీ?"

తన విన్నపం సంగతి ఆయనకు ముందే తెలిసిపోయిందనుకున్నాడు బాబాయి. "తక్కువని కాదు సార్, ఇంట్లో పరిస్థితి అలా ఉంది."

"పోనీ, ఇంటి నుంచే చేసుకోండి. ఎవరికీ చెప్పకండి!"

అడగకుండానే వరం దొరికింది. బాబాయి గాల్లో తేలుతుండగా గోడౌన్ గుమాస్తా ఫోన్ చేశాడు.

"ఎక్కడ చేరుతున్నారు బాబాయ్?"

"ఎక్కడికీ వెళ్లట్లేదురా. ఇక అంతా ఇంట్లోనే."

అంతే, బాబాయి ఇంట్లోనే సొంత కంపెనీ పెట్టాడని మధ్యాహ్నానికి ఆఫీసంతా గుప్పుమంది. సాయంత్రానికి ముగ్గురు రాజీనామా చేశారు. మూడోవాడు మేనేజరే.

"పొద్దున మీరు మానేస్తున్నా అనగానే నాకూ ధైర్యం వచ్చిందండీ. మీ కంపెనీలో నాకేం పనిస్తారు?" అని ఫోన్ చేశాడాయన.

బాబాయికి అప్పుడు వెలిగింది. "నేను మానేస్తానన్నది జుట్టుకు రంగు సార్!"

"భలేవారే! గుట్టు బాగా దాస్తారు."

అనుమతి ఇచ్చినవాడే పోతే ఆ అనుమతి ఏపాటిది? సోమవారానికి యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటున్న భార్య మొహం చూడడానికే బాబాయికి భయమేసింది. ఇంతలో కంపెనీ యజమాని ఫోన్.

"మీ ఒక్క మాటకి ఆఫీసు ఖాళీ అయ్యేలా ఉందేమిటండీ?"

"క్షమించండి సార్..." అన్నాడు బాబాయి. భార్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి నిలబడిపోయింది.

"మీ మాటకింత బలముందని నాకిన్నాళ్లూ తెలీదు. ఇక మేనేజరు మీరే. సోమవారం పొద్దున్నే ఆఫీసుకొచ్చేయండి."

ఫోన్లోంచి ఆ మాట విన్న ఆవిడ యూనిఫారం మడతపెట్టి బీరువాలో సర్దేయబోయింది. అది చూసి బాబాయికి ఎక్కడ లేని తెగింపు వచ్చింది.

"ఆఫీసు ఎలా నడపాలన్నది నా ఇష్టమేనా సార్?"

"మీ ఇష్టమే. ఇంకెవరూ పోకుండా చూడండి, చాలు!"

"అయితే సోమవారం నుంచి అందరూ ఇంటి నుంచే పని చేస్తారు. మేనేజరుతో సహా."

"అలాగే కానివ్వండి" అన్నాడు యజమాని.

సోమవారం ఆవిడ హోటలుకు వెళ్లింది. బాబాయి చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని మేనేజరుగిరీ మొదలుపెట్టాడు. ఆఫీసుకు ఠంచనుగా వెళ్లిన యజమాని, లైట్ల స్విచ్చి ఎక్కడుందని అడగడానికి ఆయనకు వీడియో కాల్ చేశాడు.