అద్దెకు దిగిన పిన్నికొడుకు

ఖాళీ గది కనిపిస్తే ఉపాయాలరావుకి నిద్ర పట్టదు. ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. భార్యకి పీహెచ్‌డీలో సీటు వచ్చిందని యూనివర్సిటీవాళ్లు చవగ్గా రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. చుట్టాలు ఉండొచ్చు. పరాయివాళ్లను పెట్టుకుంటే మాత్రం మర్నాడే సామాను వీధిలో ఉంటుంది.

ఆవిడ సెమినారుకని ఊరెళ్లి తిరిగొచ్చేసరికి, ఆవిడ పుస్తకాల గదిలో ఒక కుర్రాడు బనీనుతో కూర్చుని చదువుకుంటున్నాడు.

"ఎవరండీ ఈ అబ్బాయి?"

"మా పిన్ని కొడుకు. ఎమ్మెస్సీలో చేరాడు. హాస్టల్లో చోటు లేదట."

"మీ పిన్నికి ఇద్దరూ ఆడపిల్లలేగా."

"ఆ పిన్ని కాదు. రెండో పిన్ని."

"మన పెళ్లికి రాలేదే."

"అప్పుడు అలిగింది."

ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అన్నగారిది గుమ్మడికాయ మొహం, తమ్ముడిది బెండకాయ. "సరే" అంది.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ ఇంత తేలిగ్గా సరే అన్నది లేదు.

మర్నాటి నుంచి మరిదికి మర్యాదలు మొదలయ్యాయి. గుడ్లు మరిదికి, పెంకులు పారేసే పని మొగుడికి. "చదువుకునే పిల్లాడు, నేలమీద పడుకుంటాడా పాపం" అంటూ మంచం కూడా ఆ గదిలోకి నడిచిపోయింది. ఉపాయాలరావు చాపమీద దొర్లుతూ ఆలోచించాడు. తెలిస్తే తిట్టాలి కదా. తిట్టడం లేదంటే ఏదో ఉంది.

నెలాఖరున కుర్రాణ్ణి వీధి మలుపులో పట్టుకున్నాడు.

"అద్దె సంగతేంటోయ్?"

"వదిన ఇవ్వొద్దన్నారండీ. అన్నకి అద్దె ఇస్తే అమ్మ బాధపడుతుందట."

"మీ అమ్మ మా ఆవిడకెలా తెలుసు?"

"మా అమ్మ కాదండీ. మీ రెండో పిన్ని."

ఆ సాయంత్రమే క్వార్టర్ల తనిఖీ అంటూ కళ్లజోడు పెద్దమనిషి ఒకాయన ఫైలుతో దిగాడు. "ఈ కుర్రాడు మీకేమవుతాడు?"

"తమ్ముడండీ. ఒక్క కంచంలో తిని పెరిగాం."

ఆవిడ కాఫీ తెచ్చింది. "ఏవండీ, మరిది ఫీజుకి రేపే ఆఖరు. స్కాలర్‌షిప్పు ఇంకా పడలేదు. కట్టకపోతే పరీక్షకి కూర్చోనివ్వరట. మీరుండగా ఇంకెవర్ని అడుగుతాడు?"

ఉపాయాలరావు మనసులో లెక్క వేశాడు. ఇస్తే డబ్బు పోతుంది. ఇవ్వకపోతే చుట్టరికం పోతుంది, దాని వెనకే ఇల్లూ పోతుంది. పెద్దమనిషి కలం మూత తీశాడు. ఉపాయాలరావు పర్సు తీశాడు.

కళ్లజోడు పెద్దమనిషి వెళ్లాక ఉపాయాలరావు చెమట తుడుచుకున్నాడు. "గండం గడిచింది. ఆ ఆఫీసరు మొహం చూస్తేనే సామాను సర్దుకోవాలనిపించింది."

"ఆఫీసరేంటి? మా డిపార్టుమెంటులో నా సీనియరు. ఏళ్ల తరబడి థీసిస్ రాస్తున్నాడు, అందుకే మొహం అలా అయింది. అసలు ఆఫీసరే వచ్చుంటే నా చదువూ మన కొంపా ఒక్కసారే వీధిన పడేవి. వార్డెన్ వెంటపడి ఆ అబ్బాయికి హాస్టల్లో చోటిప్పించాను. రేపు వెళ్లిపోతున్నాడు."

ఉపాయాలరావు చాప అంచులు సర్దుకున్నాడు.

"మరి నా డబ్బు?"

"స్కాలర్‌షిప్పు పడ్డాక అడగండి."

"ఇస్తాడంటావా?"

"పరాయివాడైతే ఇచ్చేవాడే."