కప్పిపెట్టిన పాటలు

ఆ రోజు పొద్దున వెంకటపతికి ఉన్నవి మూడే పనులు. ఎనిమిదింటికి స్నానం, తొమ్మిదింటికి టిఫిను, పదింటికి కూతురు కృత్తికకు నలుగు పెడుతుంటే కంప్యూటరులో అమ్మ పాటలు వేయడం. మర్నాడే పెళ్ళి. మండపం, మేళం, వంట అన్నీ భార్య సుందరవల్లి చూసుకుంటోంది. ఆయన నెత్తిన ఉన్నది ఆ పాటలొక్కటే. అది కూడా ఆయన అడిగి మరీ ఎత్తుకున్న బరువు.

ఆ పాటల సంగతి కొంచెం చెప్పాలి. సింగానల్లూరులోని ఆ ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. చదువంతా తమిళంలోనో ఇంగ్లీషులోనో సాగింది. అందువల్ల వాళ్ళ నలుగు పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. ఉన్నదల్లా వెంకటపతి తల్లి, ఎనభై మూడేళ్ళ కమలమ్మాళ్ నోట్లోనే. భర్త పోయి పన్నెండేళ్ళయింది. అప్పటినుంచి ఆమె ఏ శుభకార్యానికీ ముందుకు రాలేదు, నలుగురిలో నోరు విప్పి పాడలేదు. రావద్దని ఎవరూ అనలేదు. ఆమే వెళ్ళి లోపలి గదిలో కూర్చునేది. మనవరాలి నలుగుకైనా రమ్మని కొడుకు బతిమాలి బతిమాలి అలిసిపోయి, చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. మనిషి గదిలోనే ఉంటుంది, గొంతు మాత్రం హాల్లోకి వస్తుంది. దానికి ఆచారం అడ్డేముంది? రెండు నెలల కిందట మూడు రోజులపాటు తలుపులు వేసుకుని ఆమె చేత పదకొండు పాటలు పాడించి సెల్‌ఫోనులో పట్టాడు. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, ఫోనులో చోటు లేదని అక్కడివి తుడిచేశాడు.

ఆ పాటలను ఎవరికీ వినిపించలేదు, తానూ వినలేదు. ఆ ఇంట్లో పెళ్ళి సీరు తట్టలు, అంటే పెళ్ళికి పెట్టే సారె పళ్ళేలు, ముందుగా ఎవరి కంటా పడకూడదు. పట్టుగుడ్డ కప్పి ఉంచుతారు. ఎవరు కప్పారో వాళ్ళే వేళకు వచ్చి గుడ్డ తీయాలి. చీరకైనా చిటికెడు పసుపుకైనా అదే పద్ధతి. పాటలూ సీరులో భాగమేనని వెంకటపతి తనకు తానే తీర్మానించుకున్నాడు.

చిక్కంతా అక్కడ పుట్టింది. ముందురోజు సాయంత్రం డిస్కులో చోటు చాలడం లేదని కంప్యూటరు మొరపెట్టుకుంది. వెంకటపతి ముప్పై ఏళ్ళు పంపుల ఫ్యాక్టరీలో స్టోర్సు చూసి రిటైరైన మనిషి. చోటు చాలకపోతే సామాను దగ్గరగా సర్దడం ఆయనకు కొత్త కాదు. పాటల ఫోల్డరు మీద కుడి బటను నొక్కి, ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి, కంప్రెస్ అన్న గడిలో టిక్కు పెట్టాడు. వెనక్కి వస్తుంటే హిడెన్ అని ఇంకో గడి కనబడింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఈ కంప్యూటరు తయారుచేసినవాడెవడో గానీ పెళ్ళింటి మర్యాద తెలిసినవాడే! అక్కడా ఒక టిక్కు పెట్టి ఓకే నొక్కాడు. ఫోల్డరు మాయమైంది. బాగానే కప్పుకుందనుకుని హాయిగా నిద్రపోయాడు.

తెల్లవారి ఎనిమిదింటికి అసలు కష్టం తెలిసొచ్చింది. కప్పిన గుడ్డ తీయాలంటే గుడ్డ అంచైనా కనబడాలి కదా. ఫోల్డరే లేనప్పుడు కుడి బటను దేని మీద నొక్కాలి? పేరు కొట్టి వెతికితే అలాంటిదేమీ లేదంది. రీసైకిల్ బిన్ తెరిస్తే పాత కరెంటు బిల్లు ఒకటి బయటపడింది.

కాఫీ తెచ్చిన సుందరవల్లి ఆయన వాలకం చూసి ఆగిపోయింది.

"ఏమాయె మీకు? ముఖమంతా అట్ల వాడిపోయి ఉండాది?"

"అమ్మ పాటలు కానరాలా. నిన్న కంప్రెస్ చేసినాను."

"అట్లంటే?"

"నొక్కి చిన్నది చేసేది."

"ఎంత చిన్నది?"

వెంకటపతి తెర వంక ఒకసారి చూశాడు. "కండ్లకు కానరానంత."

"అయ్యయ్యో! అత్త పాటలంతా నలిపేసినారా?" అని సుందరవల్లి కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి, కారమడైలో ఉన్న తన అక్కకు ఫోను చేసింది. వాళ్ళు వ్యానులో బయలుదేరబోతున్నారు. "అక్కా, అత్త పాట వినే భాగ్యం మనకు లేదు. ఆయన దిగాలుగా కూర్చొని ఉండారు. మీరు సీక్రం రండి" అని కళ్ళు ఒత్తుకుంది. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

అంతలో స్పీకరు పెట్టె మోసుకుంటూ పళనివేల్ వచ్చాడు. తుడియలూరులో మోటార్లకు వైండింగు చేస్తాడు. వెంకటపతికి ముప్పై ఏళ్ళ స్నేహితుడు. స్నేహితుడి కష్టం చూసి ఊరుకునే రకం కాదు. ఆ గుణం వల్లే ఇంతకుముందు ఆ ఇంట్లో ఒక మిక్సీ, ఒక గోడ గడియారం పోయాయి.

"చుమ్మా ఊరికే భయపడతావేమన్నా! మోటారు విప్పేవాడికి ఇదొక పనియా? నువ్వు జరుగు" అని మౌసు అందుకున్నాడు.

సుందరవల్లి అక్క కొడుకు శరత్‌కుమార్ కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. అతనూ ఆ వ్యానులోనే ఉన్నాడు. వెంకటపతి అతనికి ఫోను కలిపి, జరిగిందంతా ఒప్పుకున్నాడు.

"అంతేనా చిన్నాయనా? హిడెన్ చేస్తే యాడికీ పోదు, ఆడనే ఉంటది. ఫోల్డరు తెరిచి, పైన వ్యూలో పోయి, షోలో హిడెన్ ఐటమ్స్ అని ఉంటది చూడండి. దాన్ని టిక్ చేస్తే చాలు. వేరే దాంట్లో చెయ్యి పెట్టొద్దు, ముఖ్యంగా..." అని శరత్‌కుమార్ చెబుతుండగా సిగ్నలు తెగిపోయింది.

"వ్యూ అంటే యాడ?" అన్నాడు వెంకటపతి.

"వ్యూ యాడ ఉంటే ఏమన్నా? హిడెన్‌లో టిక్ చెయ్యమన్నాడు, అంతే కదా" అన్నాడు పళనివేల్. అతనికి హిడెన్ అన్న గడి ఎక్కడుంటుందో వెంకటపతి అప్పుడే చూపించి ఉన్నాడు. అయితే దాన్ని తెరవడానికి ఏదో ఒక ఫోల్డరు కావాలి. పాటల ఫోల్డరు లేదు కాబట్టి దాని పక్కనున్న ఫోల్డరు ప్రాపర్టీస్ తెరిచాడు. "మోటారులో ఒక కాయిలు పనిచెయ్యకపోతే పక్క కాయిలు చూడాల. ఇదీ అంతే." టిక్కు పెట్టాడు. లోపలున్నవాటికి కూడానా అని కంప్యూటరు అడిగితే, అడిగిందే చాలని ఓకే కొట్టాడు.

పక్కనున్నది పిలుపుల జాబితా ఫోల్డరు. అదీ మాయమైంది.

"చూస్తివా, కదులుతా ఉండాది" అన్నాడు పళనివేల్ ఉత్సాహంగా.

ఆ తర్వాత వంట పట్టిక పోయింది. మేళం వాళ్ళ నంబర్లు పోయాయి. మండపం రసీదు ఫోటోలు పోయాయి. ప్రతిసారీ వెంకటపతి వద్దనబోవడం, ఈ ఒక్కటే చూద్దామని పళనివేల్ అనడం, కొంచెం ఆశపడి వెంకటపతి ఊరుకోవడం. తొమ్మిదిన్నర అయ్యేసరికి తెర కడిగిన అరుగులా శుభ్రంగా ఉంది. సరిగ్గా అప్పుడు వంటాయన వచ్చి, రేపు పొద్దున టిఫినుకు ఎంతమంది అని అడిగాడు.

"ఆ లిస్టు కంప్యూటరులో ఉండాది" అంది సుందరవల్లి.

"ఉండింది" అన్నాడు వెంకటపతి.

హాల్లో పీట మీద పసుపు బట్టల్లో కూర్చున్న కృత్తిక తండ్రి ముఖం చూసింది. ఆమెకు టిఫిను లెక్క అక్కరలేదు, అవ్వ పాట కావాలి. చిన్నప్పటినుంచీ "నా నలుగుకు అవ్వే పాడాల" అంటూ పెరిగిన పిల్ల. ఆ ముఖం చూసి వెంకటపతి తల దించుకున్నాడు. ఉన్న ఒక్క పనీ చెడగొట్టానని ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది.

ఇక కారమడై వ్యాను సంగతి. ఫోనులో విన్న మాటను సుందరవల్లి అక్క ముందు సీటు వాళ్ళకు చెప్పింది, ముందు సీటు వెనక సీటుకు చెప్పింది. వ్యాను కదిలేటప్పుడు కమలమ్మాళ్ పాడలేకుండా ఉంది. తుడియలూరు దాటేసరికి ఆమెకు మాట పడిపోయింది. సింగానల్లూరు వచ్చేసరికి డాక్టరు చేతులెత్తేశాడు. ముందు సీట్లో శరత్‌కుమార్ కాదు కాదని మొత్తుకుంటున్నా, ఏడ్చే పదకొండుమంది ఆడవాళ్ళకు వినబడలేదు.

పది గంటలకు వ్యాను ఆగింది. పూలబుట్టలు అందులోనే వదిలేసి ఆ పదకొండుమందీ ఏడుస్తూ హాలు దాటి తిన్నగా లోపలి గదిలోకి దూసుకుపోయారు. కమలమ్మాళ్ కాళ్ళు చాపుకుని వక్క కత్తిరించుకుంటోంది.

"ఏమే, ఎవరికేమాయె?" అంది గాభరాగా.

"నీకేనమ్మా! మాట పోయినాది అనిరే!"

"నాకా? ఎవడా చెప్పినవాడు? గుండ్రాయి మాదిరి ఉండాను కదే!"

"దాచొద్దమ్మా. గొంతంతా ఎట్లనో ఉండాది" అని సుందరవల్లి అక్క ఆమె మెడ తడిమి చూసింది. ఇంకొకావిడ మిరియాల కషాయం పెట్టమని వంటింటి వైపు కేక వేసింది.

కమలమ్మాళ్‌కు రోషం వచ్చింది. "గొంతుకేమి కొరత? విను, ఒళుంగా చెవి పెట్టి విను" అని అడకత్తెర పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, "పసుపు నూరిన చేతికి పగడాల గాజులు" అని ఎత్తుకుంది. పన్నెండేళ్ళు దాచిన గొంతు గోడలు దాటి హాల్లోకి వచ్చింది. కొంచెం వణికింది గానీ శ్రుతి తప్పలేదు.

కృత్తిక లేచింది. ఎవరినీ అడగకుండా తన పీట తానే ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్ళి, అవ్వ కాళ్ళ దగ్గర వేసుకుని కూర్చుంది. కమలమ్మాళ్ పాట ఆపేసింది.

"నువ్వేమిటికే ఈడికి వస్తివి? నేనుండే గదిలో నలుగా?"

"నువ్వు హాలుకు రాకూడదు అంటివి. నేను ఈడికి రాకూడదని ఎవరన్నా చెప్పినారా అవ్వా?"

ఆచారంలో దానికి జవాబు ఉందేమోనని కమలమ్మాళ్ కాసేపు వెతుక్కుంది. దొరకలేదు. మనవరాలి చెంపలు రెండూ తడిమి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆపిన చోటినుంచే మళ్ళీ మొదలుపెట్టింది. సుందరవల్లి నలుగు గిన్నె తీసుకుని పరుగెత్తింది. గదిలో పట్టనివాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు.

వెంకటపతి గుమ్మం పక్కన గోడకు ఆనుకున్నాడు. అమ్మ గొంతు హాల్లోకి వస్తే చాలనుకున్నాడు ఇన్నాళ్ళూ. అమ్మ ముఖం చూస్తూ ఆ పాట వినడం ఎలా ఉంటుందో మరిచేపోయాడు. కళ్ళ వెంబడి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"చిన్నాయనా, దొరికె! వ్యూలో ఒక్క టిక్కు, అంతే. అన్నీ ఆడనే ఉండాయి" అని వెనకనుంచి శరత్‌కుమార్ అరిచాడు.

"సత్తం చెయ్యొద్దురా. అమ్మ పాడతా ఉండాది" అన్నాడు వెంకటపతి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక శరత్‌కుమార్ ఫోల్డర్లన్నిటికీ టిక్కులు విప్పాడు. వంటాయనకు లెక్క దొరికింది. కంప్రెస్ చేస్తే చోటు తగ్గుతుందే గానీ పాట నలగదని అతను నచ్చజెప్పేసరికి సుందరవల్లి శాంతించింది. ఎంతైనా కష్టపడి పట్టిన పాటలు, ఒకటైనా విందామని అందరూ హాల్లో చేరారు. గుమ్మం అవతల కుర్చీ వేసుకుని కమలమ్మాళ్ కూడా కూర్చుంది. పళనివేల్ స్పీకరు తగిలించాడు.

మొదట కమలమ్మాళ్ గొంతు సన్నగా వినబడింది. మరుక్షణం దాని మీదుగా వెంకటపతి గొంతు ఇల్లదిరేలా లేచింది. మాట మాటకూ అందుకుంటున్నాడు, శ్రుతికీ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. మధ్యమధ్య "అమ్మా, ఫోను దెగ్గర రా" అంటున్నాడు. రెండో పాటా అంతే. మూడోదాంట్లో కమలమ్మాళ్ పూర్తిగా ఆపేసినా ఆయన ఒక్కడే చివరిదాకా పాడాడు. పిల్లలు నేలమీద పడి దొర్లుతున్నారు.

"అప్పుడే చెప్తిని కదరా, నువ్వు నోరు మూసుకోమని" అంది కమలమ్మాళ్ కుర్చీలోంచి.

వెంకటపతి మెల్లగా లేచి, మౌసు అందుకుని, పాటల ఫోల్డరు మీద కుడి బటను నొక్కి, హిడెన్ గడిలో టిక్కు పెట్టాడు. ఈసారి అది ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు.