మూడు కుందేళ్లు

ఆ శనివారం పొద్దున వసిస్తో వేసుకున్న పథకం చాలా చిన్నది. షోరూముకు వెళ్లి కెలిన్చి కారు బుక్ చేయాలి. వస్తూ దారిలో వేడి సెరాబి అట్లు కట్టించుకోవాలి. భార్య నింగ్రుమ్ చీట్ల సమావేశం నుంచి తిరిగొచ్చే లోపల టీ కాచి, ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి.

కెలిన్చి అంటే అక్కడి భాషలో కుందేలు. రెండు నెలల తర్వాత గాని ఆ చిన్న కారు రోడ్డెక్కదు. అయినా సోలో పట్టణంలో దాని మీద అభిప్రాయం లేని మనిషి లేడు. పెట్రోలు ఇంజనుకు చేత్తో వేసే గేర్లున్నది ఒకటి, అదే ఇంజనుకు గేర్లు వాటంతట అవే పడేది ఒకటి, పెట్రోలూ బ్యాటరీ కలిసి లాగే హైబ్రిడ్ ఒకటి, మొత్తం మూడు రకాలు వస్తాయని కంపెనీ ప్రకటించింది. వసిస్తోకు కావలసింది గేర్లది.

అతను బాతిక్ అద్దకం బట్టల సహకార సంఘంలో గోదాము చూస్తాడు. ఎవరేమన్నా నవ్వి, తల కొంచెం వంచి, "అలాగే" అంటాడు. సోలోలో ఇది తప్పు కాదు. ఎదుటి మనిషి మొహాన "కాదు" అనడం అక్కడ చెప్పు విసిరినంత పని. అయితే ఊరందరికీ మర్యాదగా ఉన్న ఆ అలవాటు వసిస్తోలోని మనిషినే మింగేసింది. తనకేం కావాలో తెలుసుకోవడానికి అతనికి దొరికే చోటు ఒక్కటే, తన పాత కారు. తవాంగ్‌మంగు కొండ ఎక్కేటప్పుడు ఇంజను మూలుగుతుంది. ఎడమ కాలు క్లచ్ తొక్కుతుంది. చెయ్యి మూడో గేరులోంచి రెండోదానిలోకి లాగుతుంది. ఎవరినీ అడగనక్కర్లేదు. ఒక గేరు వదిలి ఇంకోటి పడేలోపు ఉండే ఆ అర క్షణంలో తన లోపల ఎవరో ఒకరు ఉన్నారని, వాడికి ఏదో కావాలని వసిస్తోకు అనిపిస్తుంది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కొంత, చెబితే ఆ లోపలివాడు కూడా తల వంచి "అలాగే" అంటాడేమోనని కొంత.

నెల కిందట భోజనాల దగ్గర నింగ్రుమ్, "క్లచ్ గొడవ లేనిదే తీసుకుందామండీ" అంది. అలాగే అన్నాడు. సంఘం అధ్యక్షుడు సుదర్మాజి, "హైబ్రిడ్ తప్ప ఇంకోటి తీసుకోకు" అన్నాడు. అలాగే సర్ అన్నాడు. బుకింగ్ అయిపోయాక క్షమాపణ అడగడం, ముందుగా కాదనడం కన్నా తేలిక అని అతని లెక్క.

షోరూము తలుపు తోయగానే సోఫాలో సుదర్మాజి టీ తాగుతూ కనిపించాడు.

"రావయ్యా. కొత్త బండి బొమ్మలు చూద్దామని వచ్చాను. హైబ్రిడే కదా నువ్వు?"

వసిస్తో నవ్వాడు. సేల్స్ అమ్మాయి అంజర్ అక్కడి మర్యాద ప్రకారం బొటనవేలితో కుర్చీ చూపించింది. ఆ నవ్వును సమాధానంగా రాసుకుంది.

"మైలేజీ బాగుంటుంది సర్. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోతుంది, అసలు చప్పుడే ఉండదు."

"చూశావా, నీలాగే ఉంటుంది," అన్నాడు సుదర్మాజి.

ఆయన వెళ్లాక మార్చుకోవచ్చని వసిస్తో అనుకున్నాడు. ఆయన ఇంకో టీ చెప్పాడు. షోరూము మేనేజరు వచ్చి, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి వసిస్తో చేతికిచ్చి, సుదర్మాజిని పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. అదే సమయానికి వెనక వీధిలో చీట్లు ముగించుకుని, కారు రంగులు చూద్దామని నింగ్రుమ్, ఆమెతో ఆరుగురు స్నేహితురాళ్లు లోపలికి వచ్చారు.

"మా ఆయన ఇక్కడే ఉన్నాడే. చెప్పాను కదమ్మా, మా ఇంట్లో నేను అన్నదే ఖాయం. ఆటోమేటిక్ రాయించారు కదండీ?"

ఆరుగురు ఆడవాళ్లు అతని వంక చూశారు. సుదర్మాజి కప్పు కింద పెట్టాడు. ఔనంటే అధ్యక్షుడి పరువు పోతుంది. కాదంటే భార్య పరువు ఆమె చీట్ల గుంపు ముందే పోతుంది. వసిస్తో తల వంచాడు. అది ఏ వైపుకు వంచాడో ఎవరికీ తెలియలేదు.

అంజర్ పద్ధతిగా పెరిగిన పిల్ల. ఎవరి పరువూ పోకుండా చూడటం తన పనే అనుకుంది.

"సార్ రెండు తీసుకుంటున్నారండి," అంది. "ఒకటి హైబ్రిడ్, ఒకటి ఆటోమేటిక్."

"రెండా," అన్నాడు సుదర్మాజి. ఆయన గొంతులో మెచ్చుకోలుతో పాటు ఇంకేదో కూడా ఉంది.

నింగ్రుమ్ రంగుల పుస్తకం అందుకుంది. స్నేహితురాళ్ల ముందు రెండు కార్లు కాదనే ఆడది ఆ వీధిలో ఇంకా పుట్టలేదు.

వసిస్తో మంచినీళ్ల కోసమన్నట్టు లేచి, నీళ్ల డబ్బా దగ్గర అంజర్‌ను పట్టుకున్నాడు. గొంతు తగ్గించి, జీవితంలో మొదటిసారి తన కోరిక బయటపెట్టాడు.

"అమ్మాయ్, నాకు నిజంగా కావలసింది గేరు బండి. చేత్తో వేసేది. ఆ చప్పుడు, ఆ లాగడం, నీకెలా చెప్పను."

అంజర్ ఒక్క క్షణం నేల చూసింది. తర్వాత నవ్వి, "అలాగే సర్," అని మూడో బుకింగ్ రాసింది.

సాయంత్రానికి ఫోటో, మూడు బుకింగులని షోరూము వాళ్లు కింద రాసిన ముక్కతో సహా, వీధి వాళ్ల ఫోన్ గ్రూపుకు చేరింది. చీకటి పడకముందే వీధి పెద్ద కర్సోనో గేటు దగ్గర నిలబడ్డాడు.

"మూడు బండ్లటగా వసిస్తో గారూ. దాచారే."

"అబ్బే, అదేం లేదండి."

"మీకు నిగర్వం ఎక్కువ. అది సరే, మన మలుపులో మూడు బండ్లు తిరగవు. గస్తీ గది అడ్డం. రేపు అందరం కలిసి పడగొట్టేస్తాం, మీరేం కంగారు పడకండి."

ఆదివారం వీధి వీధంతా పలుగులతో వచ్చింది. రాత్రి కాపలా వాళ్లు కూర్చునే ఆ ఇటుకల గదిని మధ్యాహ్నానికల్లా నేలమట్టం చేశారు. అందరూ శ్రమిస్తుంటే ఇంట్లో కూర్చోవడం మర్యాద కాదు గనుక వసిస్తో కూడా ఇటుకలు మోశాడు. అతని సాదాతనాన్ని అందరూ మెచ్చుకున్నారు. నింగ్రుమ్ అందరికీ టీ ఇచ్చింది. ఇచ్చేటప్పుడల్లా భర్త వంక ఒక చూపు చూసింది.

మంగళవారం అతను అద్దం ముందు నిలబడి "వద్దు" అనడం సాధన చేశాడు. అద్దంలో బాగానే వచ్చింది. షోరూములో గొంతు దాటి రాలేదు.

"అంజర్, గేరు బండి ఒక్కటి చాలమ్మా," అన్నాడు చివరికి.

"అలాగే సర్. మిగతా రెండూ తీసేస్తాను."

ఇంత సులభమా అనుకున్నాడు. ఇంటికొచ్చి, ఆ ఊపులోనే భార్యకు కూడా చెప్పేశాడు. నింగ్రుమ్ వంటగదిలోంచి తల బయటపెట్టింది.

"నాకు ఆటోమేటిక్ మీద మోజుందని ఎవరన్నారు? గేరు వేసినప్పుడల్లా మీరు మూలుగుతుంటే, పాపం కాలు నొప్పేమో, పైకి చెప్పుకోలేడు అనుకున్నాను."

"మూలిగేది నేను కాదే. ఇంజను."

"ఇన్నేళ్లలో ఆ ముక్క ఒక్కసారి చెప్పొచ్చుగా."

ఆ రాత్రి వసిస్తో హాయిగా నిద్రపోయాడు. ఆ వారమే కర్సోనో మళ్లీ వచ్చాడు. కాపలా వాళ్లకు కూర్చునే చోటు లేదని, వానకు తడుస్తున్నారని అన్నాడు. ఎలాగూ కొత్తవి వస్తున్నాయి కదా, పాత కారును మలుపు దగ్గర నిలబెడితే గదిలా పనికొస్తుందన్నాడు. కొత్త బండికి గేర్లు వస్తున్నాయన్న ధైర్యంతో వసిస్తో ఈసారి మనసారా "అలాగే" అన్నాడు. పాత కారును గస్తీ గది ఇటుకల మీదికే ఎక్కించారు. చక్రాలు ఒకరికి పనికొచ్చాయి. ఇంజను ఎవరిదో పొలంలో నీళ్ల పంపుకు పనికొచ్చింది.

కెలిన్చి విడుదల రోజున షోరూములో పూలదండలు కట్టారు. నమూనా బండి మీద తెర తీశారు. వసిస్తో నింగ్రుమ్‌ను పక్కన ఎక్కించుకుని, డ్రైవరు సీట్లో కూర్చుని ఎడమ కాలు చాపాడు. కాలికి కింద పరిచిన చాప తగిలింది. కాలు పక్కకు జరిపాడు. అక్కడా చాపే.

"క్లచ్ ఏదమ్మా?"

అంజర్ రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడింది.

"గేరు బండి మన జిల్లాకు పంపడం లేదు సర్. అడిగేవాళ్లు లేరట. మీరు మొదటిసారి వచ్చిన ముందు రోజే కబురొచ్చింది."

"మరి అలాగే అన్నావు కదా."

"మీరు అంత ఇష్టంగా అడిగారు సర్. లేదని ఏ మొహంతో చెప్పను?"

"పోనీ, ఆ మిగతా రెండింట్లో ఒకటి."

"అవి మీరు చాలన్న రోజునే తీసేశాను సర్. హైబ్రిడ్ మీ అధ్యక్షులవారే తీసుకున్నారు. ఇప్పుడు రాసుకుంటే వచ్చే ఏడాదికి వస్తుంది."

అప్పుడే సుదర్మాజి కొత్త హైబ్రిడ్‌ను చప్పుడు లేకుండా గేటు దాటించాడు. కింది ఉద్యోగికి మూడు కార్లుంటే తనకు ఒకటైనా లేకపోతే ఎలా అనుకున్నాడు గాని, ఆయనకు నిజంగా ఆ కారు అక్కర్లేదని తర్వాత తెలిసింది.

వసిస్తోకు కోపం రాలేదు. మంగలి షాపులో రెండు అద్దాల మధ్య తన వీపు తనకే కనిపించినట్టు ఆ అమ్మాయి నవ్వును చూస్తూ ఉండిపోయాడు. ఎంత చక్కటి నవ్వో, దాని వెనక ఏమీ దొరకదు.

పక్క సీట్లోంచి నింగ్రుమ్ మెల్లగా అంది, "ఇరవై రెండేళ్లుగా నాకు ఇలాగే ఉంటుందండీ."

ఇద్దరూ సైకిల్ రిక్షాలో ఇల్లు చేరారు. వీధి మలుపులో దిగి, నింగ్రుమ్‌ను ముందు పంపించి, వసిస్తో ఇటుకల మీదున్న తన పాత కారులోకి ఎక్కాడు. క్లచ్ తొక్కాడు. మూడో గేరులోంచి రెండోదానిలోకి లాగాడు. ఇంజను లేదు, మూలుగూ లేదు. అయినా ఆ అర క్షణం మాత్రం ఉంది. మళ్లీ లాగాడు. లోపలివాడు ఎక్కడికీ పోలేదు.

కిటికీ దగ్గరికి కర్సోనో వంగి చూశాడు.

"కాపలాకు మీరూ వస్తున్నారా, మంచిది. ఆ గేరు రాడ్ మోకాళ్లకు తగులుతున్నట్టుంది. ఊడబీకించేస్తాను, కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు."

వసిస్తో రాడ్‌ను గట్టిగా పట్టుకున్నాడు. నలభై తొమ్మిదేళ్లలో రాని మాట ఈసారి గొంతు దాటి వచ్చింది.

"వద్దండి."

మీకెందుకు శ్రమ అనే మర్యాదను ఇంత గంభీరంగా పలికిన మనిషిని తానెన్నడూ చూడలేదని కర్సోనో కరిగిపోయి, మర్నాడు పొద్దున్నే రాడ్ ఊడదీయడానికి తన సొంత ఖర్చుతో మెకానిక్‌ను పిలిపించాడు.