పద్మనగర్ నుంచి వెళ్లిన మంచు

భివండీ పద్మనగర్ వాసులకు తెలియజేయడమేమనగా, నలభై నాలుగేళ్ల కిందట స్విట్జర్లాండులో తీసిన ఆ గొప్ప సినిమాలో కురిసిన మంచు మనదే. సినిమా పేరు చెప్పనక్కర్లేదు. ఆ పాటప్పుడు హాల్లో చలేసిందని చెప్పుకున్నవాళ్లలో మీరూ ఉన్నారు.

జరిగింది ఇదీ. హీరోగారికి జూలైలో తప్ప తీరిక దొరకలేదు. యూనిట్ దిగేసరికి మంచు కరిగిపోయి ఎటు చూసినా పచ్చగడ్డే. దేవుడికి కాల్షీట్ల సంగతి తెలియదని దర్శకుడు విసుక్కున్నాడు. నిర్మాతకు మాత్రం భివండీలో బట్టల వ్యాపారం ఉంది, బుర్ర కూడా ఉంది. సాంచాల కింద, అంటే మన మరమగ్గాల కింద, ఊడ్చిన దూదిపీచు ముప్పై బస్తాలు విమానం ఎక్కించాడు. దాన్ని కురిపించడానికి సాంచాలు నడిపే ఆగయ్యను కూడా ఎక్కించాడు. రోజుకు పన్నెండు గంటలు ఆ పీచులోనే బతికేవాడికంటే దాని స్వభావం ఇంకెవరికి తెలుస్తుంది? కాగితాల్లో ఆయన ఉద్యోగం ‘మంచు నిపుణుడు’ అని రాశారు. అప్పటికి ఆగయ్య మంచును క్యాలెండర్లో కూడా చూడలేదు.

తొమ్మిది రోజులు నిచ్చెన మీద నిలబడి జల్లెడతో కురిపించాడు. కింద హీరోయిన్‌గారు బొచ్చుకోటులో చెమటలు కక్కుతూ చక్కగా వణికారు. అసలు మంచుకు ఇంత అందం లేదని దర్శకుడు మెచ్చుకున్నాడు. అక్కడి ఆవొకటి గుప్పెడు పీచు తిని దగ్గితే ఇద్దరు డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. ఆగయ్య దగ్గితే యూనిట్ వంటవాడొచ్చి అల్లం కషాయం ఇచ్చాడు. ఎవరి హోదా వారిది, తప్పుపట్టకూడదు.

ఇటీవల ఎవరో ఈ తెరవెనక సంగతులు వీడియోగా ఫోన్లలో పెట్టడంతో పద్మనగర్ ఛాతీ ఉప్పొంగింది. సాంచాలు ఆగే శుక్రవారం చూసి ఆగయ్యకు ఘన సన్మానం ఏర్పాటు చేశాం. కార్ఖానా యజమానీ సన్మాన కమిటీ అధ్యక్షుడూ అయిన శ్రీరాములు సేట్ మైకందుకుని, “మంచు దేశానికే మంచు పంపిన మొనగాడు మన ఆగయ్య కాక! గీ గల్లీల పుట్టిన మంచు అది!” అని గర్జించాడు.

ఆగయ్య శాలువా తీసి పక్కన పెట్టాడు.

“సేట్, గియ్యన్ని నాకెందుకు? మా కొడుకు దత్తు ఇరవయేండ్ల సంది నీ కార్ఖానాల్నే సాంచాలు నడుపుతుండు. నా లెక్కనే దగ్గుతుండు. నిన్న దగ్గుల రక్తం పడ్డది. గోడకు ఒక్క ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టియ్యి. నీకు దండం పెడుత.”

నేనూ కమిటీ సభ్యుణ్ణే గనక, చప్పట్లకు చేతులు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను.

“ఏంది కాకా గట్లంటవ్?” అన్నాడు సేట్, నిజంగానే నొచ్చుకుని. “ఫ్యాన్ పెడితే మంచు నిలుస్తదా? గా మంచు మన వారసత్వం! గుంజి బయట పారేస్తే మన పిల్లలకు ఏం చూపెట్టాలె?”

చప్పట్లు మారుమోగాయి. తీర్మానం ఏకగ్రీవం. కార్ఖానాకు ‘చిన్న స్విట్జర్లాండ్’ అని బోర్డు కట్టాం. గాలికి మంచు చెదిరిపోకుండా, ఉన్న రెండు కిటికీలూ మూయించాం. దత్తుకు శుక్రవారం సెలవు రద్దు. జనం చూడ్డానికి వచ్చేది ఆ రోజే, సాంచాలు నడవకపోతే మంచు ఎక్కణ్ణుంచి పడుతుంది? సందర్శకుల ఆరోగ్యం దృష్ట్యా గేటు దగ్గర మాస్కులు ఉచితంగా ఇస్తున్నాం. దత్తు తనకూ ఒకటి అడిగాడు.

“ముఖం మూసుకుంటే ఫొటోల ఎట్లరా?” అని సేట్ ముద్దుగా మందలించాడు.

మీరూ పిల్లాపాపలతో రండి. ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. దగ్గు ఫొటోలో ఎటూ పడదు. వీడియో తీసుకునేవాళ్ల కోసం దత్తుకు కాసేపు ఊపిరి బిగబట్టమని చెప్పాం. మంచివాడు, మాట వింటాడు.